ఆరు చక్రాల నుయ్యి

మా లారీని ప్రభుత్వం వారు నుయ్యిగా గుర్తించిన రోజున నాకు మొదట కలిగింది సంతోషమే. నుయ్యి లోయలో పడదు. నూతికి బ్రేకులు ఫెయిలవవు. నూతిని తోలేవాడు స్టీరింగు మీద కునుకు తియ్యడు. కొడుకుని ఘాటురోడ్డు మీదకి పంపే తల్లికి ఇంతకంటే ఏం కావాలి?

మాది గెడ్డపేట. మా ఇల్లు దాటగానే ఘాటురోడ్డు మొదలవుతుంది. మా అబ్బాయి దేముడు ఆ రోడ్డు మీద సొంత లారీ నడుపుకుంటున్నాడు. కిందనుంచి సిమెంటు పైకి, పైనుంచి పసుపు కిందకి. లారీ పాతది. సగం కొండ ఎక్కేసరికి రొప్పేది. ఆ రొప్పు మా పెరట్లోకి వినబడేది. రొప్పు ఆగిందంటే లారీ ఆగిపోయిందని భయం. ఆగలేదంటే ఎక్కడ పేలిపోతుందోనని భయం. ఎటు చూసినా నాకు ముద్ద దిగేది కాదు.

ఈ ఏడాది పైన ఏజెన్సీలో పసుపు విరగపండింది. అక్కడి షావుకారు తవిటయ్య ఫోన్ చేశాడు.

"చూడు దేముడూ, సరుకంతా ఆరుబయట ఉంది. వానలు పడేలోగా దిగిపోవాల. నీ లారీ ఇలగే రొప్పుతాదంటే చెప్పీ, ఇంకొకడికి ఇచ్చీస్తాను."

ఆ సరుకు చెయ్యిజారితే మావాడికి ఏడాదంతా వేరే ఆధారం లేదు. లారీ అమ్ముకుని ఇంకొకళ్ళ లారీకి డ్రైవరుగా పోవాల్సిందే. ఇంకొకళ్ళ లారీ అంటే దాని బ్రేకులెలా ఉంటాయో ఎవరికి తెలుసు? వెంటనే మెకానిక్ గౌస్‌ని పిలిపించాం.

గౌస్ బానెట్ ఎత్తి చూసి, "సూపర్‌చార్జర్ పుల్లీ మార్చాలి, ఆఫ్టర్‌కూలర్ పెట్టాలి. అంతే" అన్నాడు.

"చార్జరంటే కరెంటు కదా బాబూ? షాకు కొట్టదా?"

"కరెంటు కాదమ్మా, గాలి. ఇంజనుకి ఊపిరి చాలటం లేదు. ఇది దాని ముక్కులోకి గాలి ఊదే మిషను. ఇప్పుడున్న పుల్లీ పెద్దది, నెమ్మదిగా తిరుగుతాది. చిన్నది వేస్తే జోరుగా తిరిగి ఎక్కువ గాలి ఊదుతాది."

"జోరుగా తిరిగితే వేడెక్కదా?"

"గాలి వేడెక్కుతాదమ్మా."

"అయితే పేలుతుందన్నమాట."

"పేలదు! అందుకే కదా ఆఫ్టర్‌కూలర్. చిన్న తొట్టి, దాంట్లో నీళ్ళు. ఆ నీళ్ళు తిరిగి వేడిగాలిని చల్లారుస్తాయి. అప్పుడు ఇంజను కొండెక్కినా రొప్పదు."

నీళ్ళు అన్నాక కాస్త కుదుటపడ్డాను. ఆ నీళ్ళు అయిపోతే ఏమవుతుందో గుర్తొచ్చి మళ్ళీ లేచి కూర్చున్నాను.

"దీనికి గవర్నమెంటు పర్మిషన్ ఉండాలా బాబూ?"

"ఉండాలనే అంటారు. ఎవరు అడిగారమ్మా ఇన్నేళ్ళూ!"

ఆ మాటతో నా ఆలోచన జైలుదాకా పోయింది. పర్మిషన్ లేదని పట్టుకుంటారు, జైల్లో పెడతారు, జైల్లో దోమలు. మావాడికి చిన్నప్పటినుంచీ దోమ కుడితే దద్దురు లేస్తుంది. "నువ్వు బిగించుకో బాబూ. నేను వెళ్ళి అర్జీ ఇచ్చి వస్తాను. కాగితం వచ్చేవరకు లారీ గడప దాటదు" అన్నాను.

"అమ్మా, ఊరుకోయే" అన్నాడు దేముడు. ఊరుకోవడం నాకు చేతకాదు.

బండ్ల మార్పులకు అనుమతులిచ్చే ఆఫీసులో ఆ నెల మాతృభాషా వికాస మాసం జరుగుతోంది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. లోపల పర్యవేక్షకులు చిదానందం గారు నా అర్జీని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు.

"అమ్మా, ఇందులో లారీ అని వ్రాశారు."

"లారీయే కదండి."

"లారీ ఆంగ్లపదం. వికాస మాసమందు ఆంగ్లపదములు గల అర్జీలను స్వీకరించుటకు ఈ కార్యాలయమునకు అధికారము లేదు. పుల్లీ. ఇదొకటి. కూలర్! శివశివా!"

"మరి ఏం రాయమంటారండి?"

"అది మీ భాషాభిమానమునకే వదిలివేయడమైనది." ఆయన నుదురు తుడుచుకుని బంట్రోతుని పిలిచారు. "వీజనమును తిప్పుము."

బంట్రోతు చాలాసేపు ఆలోచించి ఆయన కూర్చున్న కుర్చీని గోడవైపు తిప్పాడు. ఫ్యాను తిరగలేదు. ఆయన గోడతోనే మాట్లాడటం కొనసాగించారు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా అక్షరం గుండ్రంగా రాస్తానని పేరు. బల్ల చివర కూర్చుని, మా ఇంట్లో మాట్లాడే మాటలే పెట్టి రాశాను: "మా బండికి పాత గిలక తీసి చిన్న గిలక వేసుకొనుటకును, చల్లని నీళ్ళ తొట్టి కట్టుకొనుటకును అనుమతి ఇప్పించవలెనని ప్రార్థన."

చిదానందం గారు చదివి కళ్ళు ఒత్తుకున్నారు. "గిలక! ఎంతకాలమైంది ఈ మాట విని! చల్లని నీళ్ళ తొట్టి! అమ్మా, ఇది అర్జీ కాదు, ఆదర్శం. నోటీసు బోర్డు మీద..." అని నాలుక కరుచుకుని, "ప్రకటన ఫలకము మీద పెట్టిస్తాను" అన్నారు.

ఆదర్శాన్ని టైపు చేసినాయనకు తెలుగు మీటలు కొత్త. నేను రాసిన బండికి ఆయన దగ్గర గుడి పడలేదు. బండి కాస్తా బండ అయింది. "మా బండకి గిలక, నీళ్ళ తొట్టి." ఈ ఆఫీసులో బండలకు అనుమతులివ్వరు. బండా గిలకా నీళ్ళూ ఒకచోట ఉంటే దాన్ని ఏమంటారో, అది ఎవరి పరిధిలోకి వస్తుందో తెలుగు తెలిసిన వాళ్ళకు వేరే చెప్పాలా? ఫైలు నూతుల ఆఫీసుకి వెళ్ళింది.

గౌస్ పని పూర్తిచేసి వెళ్ళాక, నూతుల ఆఫీసునుంచి కూర్మారావు గారు స్కూటరు మీద వచ్చారు. చేతిలో తాడు, తాడు చివర గులకరాయి. ఇంటి ముందున్న లారీ చుట్టూ ఒకసారి తిరిగి, "కూపము ఎక్కడ?" అన్నారు.

"ఏ కూపమండి?" అన్నాడు దేముడు.

"మీరు అర్జీ పెట్టుకున్న కూపము. గిలక చూపించు."

దేముడు బానెట్ ఎత్తాడు. కొత్త పుల్లీ తళతళలాడుతోంది.

"గిలక ఉన్నది. తొట్టి?"

ఆఫ్టర్‌కూలర్ మూత తీశాడు. కూర్మారావు గారు గులకరాయిని లోపలికి వదిలి, తడిసిన తాడు కొలిచారు. "లోతు జానెడు. నీరు ఉన్నది. బండ?"

వెనక చక్రం జారకుండా మేం ఎప్పుడూ ఒక రాతిబండ అడ్డం పెడతాం. ఆయన దాన్ని కాలితో తట్టి చూశారు. "ఉన్నది. సర్వలక్షణ సంపన్నమైన కూపము."

"బాబూ, ఇది లారీయండి!" అన్నాడు దేముడు. "సెక్రాలు సూడండి! స్టీరింగు సూడండి!"

"నాయనా," అన్నారాయన ఓపిగ్గా, "అర్జీలో లారీ అనే మాట ఎక్కడున్నది?"

ఎక్కడా లేదు. తీయించేశారు కదా.

"లేని మాటను నేను చూడలేను. ఉన్న మాటలు మూడింటినీ చూచితిని. సాగునీటి కూపమా, త్రాగునీటి కూపమా?"

ఆయన త్రాగునీరు అని రాసుకుని, లారీ తలుపు మీద సున్నంతో 'కూ' అని పెద్దగా వేశారు. "అనుమతి పొందిన కూపమును ఉన్నచోటునుండి కదల్చుట నేరము" అని చెప్పి స్కూటరెక్కారు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వుతావేటే అమ్మా?"

"నవ్వలేదురా. దగ్గొచ్చింది."

చెప్పాను కదా, సంతోషమే కలిగింది. తవిటయ్య ఫోన్ చేసేవరకు.

"ఏరా దేముడూ, బయల్దేరావా?"

"షావుకారూ, లారీ నుయ్యయిపోయింది."

"నూతిలో పడిపోయిందా? నువ్వు బాగున్నావా?"

"నూతిలో పడలేదండి. నుయ్యే అయిపోయింది."

"పొద్దున్నే తాగీసావేటిరా?"

ఫోన్ పెట్టేశాక మావాడు అరుగు మీద కూలబడ్డాడు. కొండ మీద మబ్బు ముసురుతోంది. వాడు మబ్బుకేసి చూడటం, నేను వాడికేసి చూడటం. లారీ తోలినన్నాళ్ళూ లోయలో పడతాడని భయపడ్డాను. తోలకపోతే మనిషి ఉన్నచోటనే లోపలికి కుంగిపోతాడని అప్పుడే చూశాను. పైగా ఇంకో సంగతి తట్టింది. నూతుల్లో జనం పడతారు. పిల్లలైతే మరీను. జానెడు లోతైనా నుయ్యి నుయ్యే. వెళ్ళి ఆఫ్టర్‌కూలర్ మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టి వచ్చాను.

మర్నాటినుంచి నూతికి రావలసిన మర్యాదలన్నీ రావడం మొదలయ్యాయి.

ముందు మలేరియా వాళ్ళు వచ్చారు. ప్రతి నూతిలోనూ దోమపిల్లల్ని తినే చేపలు వెయ్యాలట. పొత్రం తీయించి ఆఫ్టర్‌కూలర్లో చేపలు వదిలారు. "నీళ్ళు తిప్పే పంపు లాగేస్తే చేపలు గొట్టంలో ఇరుక్కుపోవా బాబూ?" అని అడిగాను. "చేపల సంక్షేమం మా శాఖ కాదమ్మా" అన్నారు. మావాడికి దోమలు పడవు కనుక నేను మరి మాట్లాడలేదు. కానీ రోజుకి ఎన్నోసార్లు వెళ్ళి అవి బతికే ఉన్నాయా అని చూసుకునేదాన్ని.

తర్వాత నీళ్ళు పరీక్షించేవాళ్ళు. గౌస్ నీళ్ళలో ఏదో మందు కలిపాడు, పచ్చగా ఉంటాయి. వాళ్ళు సీసాలో పట్టి ఎండకి ఎత్తి చూసి, "నాచు" అన్నారు. గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ వేయబోతే తొట్టి తుప్పుపడుతుందని నేను కాళ్ళా వేళ్ళా పడ్డాను. చేపలు కూడా చచ్చిపోతాయన్నాను. చేపలు మరో శాఖవి కనుక వెనక్కి తగ్గారు.

తర్వాత పిట్టగోడ. తాగునీటి నూతి చుట్టూ పిట్టగోడ లేకపోతే ప్రమాదమట. అది విని నేనే సంబరపడ్డాను. లారీకి మూడు వైపులా నడుమెత్తు గోడ లేచింది. రోడ్డువైపు గోడకి నిధులు రాలేదని మేస్త్రీ తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి గోడ పక్కన వరసకట్టారు. ఇద్దరు ముగ్గురు గొడవపడ్డారు కూడా, ఎవరు ముందని.

అన్నిటికంటే చిక్కు పొరుగింటి అసిరమ్మ వల్ల వచ్చింది. వాళ్ళ పెరట్లో నుయ్యి ఉంది. వాళ్ళ అత్తగారి కాలంనాటిది, ఊరంతా తోడుకున్నా తరగదు. రెండు నూతుల మధ్య ఇంత ఎడం ఉండాలని నిబంధన. మా దానికి కొత్తగా అనుమతి ఉంది. వాళ్ళదానికి ఏ కాగితమూ లేదు. అసిరమ్మ నోటీసు పట్టుకుని గోడ అవతలనుంచి అందుకుంది.

"ఓలమ్మ నూకరత్నం! మా నుయ్యి వెనక్కి జరుపుకోమంటున్నారే! సెక్రాలున్న నుయ్యి నీది. జరగమని నా నూతికి సెప్తారేటే?"

"నేనేం చేసేదే అసిరీ? మాది కదిల్తే నేరం."

"అయితే నా నూతికి నువ్వు సెక్రాలు కొనియ్యి!"

నాకు ఏడుపొచ్చింది. ఊరికి నీళ్ళిచ్చే నుయ్యి పోతుంది, నీళ్ళివ్వని నుయ్యి ఉంటుంది. పసుపు తడుస్తుంది. మావాడు అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నాడు. ఆ సాయంత్రం తవిటయ్య చివరిమాట చెప్పేశాడు: "రేపు చీకటి పడేలోగా నీ లారీ నా కొట్టు ముందు కనబడాల. లేదంటే వేరే లారీ మాటాడీస్తాను."

తెల్లారగానే దేముణ్ణి వెంటబెట్టుకుని కూర్మారావు గారి దగ్గరికి వెళ్ళాను.

"అయ్యా, మా నూతిని మళ్ళీ లారీ చేసెయ్యండి. మీ పిల్లాపాపలు చల్లగా ఉంటారు."

ఆయన నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశారు. "కూపమును వాహనముగా మార్చుటకు నిబంధన లేదు. కూపమును మూసివేయుటకు మాత్రము ఉన్నది."

"మూసేస్తే నుయ్యి కాకుండా పోతుందా అండి?"

"మూసివేయబడిన కూపము కూపము కాజాలదు. కానీ ముందు నీరు ఎండిపోయి ఉండవలెను."

దేముడు ఇంటికి పరుగెత్తి తొట్టి కింద బిరడా విప్పేశాడు. చేపల్ని నేను చెంబులోకి పట్టి అసిరమ్మ నూతిలో వదిలి వచ్చాను. మధ్యాహ్నానికి కూర్మారావు గారు వచ్చి తాడు దించారు, పొడిగా పైకి వచ్చింది. ఆయన విచారంగా తల ఊపి, జేబులోంచి ఆజ్ఞ తీసి చదివారు.

"ఎండిన కూపములందు పసిపిల్లలు పడుచున్నందున, తొట్టిని తక్షణమే మట్టితో పూడ్చవలెను."

వెంటనే రోడ్డువైపునుంచి మట్టి ట్రాక్టర్లు, వాటి వెనక జేసీబీ వచ్చి ఆగాయి. ఆ చిన్న తొట్టిలో మట్టి పడితే పంపు పోతుంది, గొట్టాలు పోతాయి, గౌస్ చేసిందంతా పోతుంది. మూతకి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను.

జేసీబీ అతను నాకేసి చూడనే లేదు. "తొట్టి ఎక్కడ?" అని కూర్మారావు గారిని అడిగాడు. మా వైపు లారీ వెనక సరుకు వేసే భాగాన్ని కూడా తొట్టి అనే అంటారు. ఆయన సమాధానం చెప్పేలోగా దేముడు వెనక తలుపు కొట్టి, "ఇదిగోనండి తొట్టి, ఎంత పెద్దదో!" అన్నాడు. మంజూరైన మట్టంతా అందులో పోశారు. లారీ వెనక్కి కుంగి, పైన కొండలా నిలబడింది.

"ఇప్పుడు నుయ్యి కాదు కదండి?" అన్నాను.

"కాదు."

"లారీ అయిపోయినట్టేనా?"

"అట్లని నేననలేదు. మూసివేయబడిన కూపము. మూసిన దానిని తెరచుటయూ నేరమే, కదల్చుటయూ నేరమే."

దేముడు నేలమీద చతికిలబడ్డాడు. ఎండ వాలిపోతోంది.

అప్పుడు రోడ్డు మీద వెళ్తున్న జీపు కీచుమని ఆగింది. మట్టి, ఇసుక దొంగరవాణా పట్టుకునే దళం. అందులోంచి భూషణం గారని మీసాలాయన దిగి, లాఠీతో మా మట్టిని పొడిచి చూసి గట్టిగా అరిచారు.

"ఎవడిదిరా ఈ లారీ?"

ఎన్నాళ్ళకి విన్నాను ఆ మాట! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దేముడు ఎగిరి లేచాడు.

"నాదేనండి! లారీ నాదేనండి బాబూ!"

"పర్మిట్ లేకుండా మట్టి తోల్తున్నావా?"

"తోల్తున్నానండి!" అన్నాడు వాడు మొహం వెలిగిపోతూ.

నేరం ఇంత ఉత్సాహంగా ఒప్పుకున్నవాణ్ణి భూషణం గారు ఎప్పుడూ చూసినట్టు లేదు. ఒక అడుగు వెనక్కి వేశారు. ఈలోగా కూర్మారావు గారు అడ్డం వచ్చారు.

"ఆగండి. ఇది లారీ కాదు. మా శాఖ మూసివేసిన కూపము."

"ఏంటీ?"

"కూపము. నుయ్యి."

భూషణం గారు లారీ చుట్టూ తిరిగారు. పిట్టగోడ చూశారు. తలుపు మీద 'కూ' చూశారు. ఆయన మీసాలు కదిలాయి. ఏ క్షణాన "ఔను, నుయ్యే" అంటారోనని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. జీపు డ్రైవరు మెల్లగా గుర్తుచేశాడు, "సార్, ఈ నెల కేసులు తక్కువున్నాయి" అని.

భూషణం గారు గొంతు సవరించుకున్నారు. "చూడండి సార్. మట్టి అక్రమ రవాణా కేసు కట్టాలంటే వాహనం ఉండాలి. నేను కేసు కట్టేశాను. కాబట్టి ఇది వాహనం."

"అనుమతి ప్రకారము ఇది..."

"కేసు ప్రకారం ఇది లారీ. కేసు పెద్దదా, అనుమతి పెద్దదా?"

కూర్మారావు గారు దీనికి సమాధానం కోసం పుస్తకం తెరిచారు. భూషణం గారు దేముడి వైపు తిరిగారు. "బండి సీజ్ చేస్తున్నాను. మా యార్డు పైన ఏజెన్సీలో ఉంది, పసుపు మార్కెట్టు పక్కన. నా జీపు వెనకాల తోలుకురా. అక్కడ మట్టి దింపించి, జరిమానా కట్టి, బండి తీసుకుపో."

పసుపు మార్కెట్టు పక్కన! దేముడు అప్పటికే స్టీరింగు దగ్గర ఉన్నాడు. "అమ్మా, కూలర్లో నీళ్ళు లేవు!"

అసిరమ్మ గోడ అవతలనుంచి అంతా వింటూనే ఉంది. నిండు బిందె అందించింది. "ఇవిగో, సిసలైన నూతి నీళ్ళు. తొందరగా పొండి, మా నుయ్యిని బతకనియ్యండి!"

కింద బిరడా పెట్టి, నీళ్ళు పోసి మూత బిగించాను. చక్రం కింద బండ లాగేశాను. లాగాక ఇంట్లో ఉండలేక క్లీనరు వైపు తలుపు తెరిచి నేనూ ఎక్కేశాను. ఇన్నేళ్ళలో ఆ లారీ ఎక్కడం అదే మొదలు.

లారీ నిండా మట్టి. మొదటి మలుపు. ఒకవైపు కొండ, ఇంకోవైపు చూడకూడనిది. నేను కళ్ళు మూసుకుని రొప్పు కోసం చెవులు రిక్కించాను. రొప్పు రాలేదు. సన్నగా ఈల వేసినట్టు శబ్దం, అంతే. కళ్ళు తెరిచి చూస్తే వేడి చూపించే ముల్లు ఎక్కడిదక్కడే ఉంది. దేముడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

హమ్మయ్య అనుకునేలోగా వెనకనుంచి స్కూటరు హారను. అద్దంలో చూశాను. కూర్మారావు గారు. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో పుస్తకం. ఏదో నిబంధన దొరికినట్టుంది.

"ఆపుడు! కూపమును ఆపుడు!"

పెద్దవాళ్ళు పిలిస్తే ఆగే అలవాటు మావాడికి. బ్రేకు మీదకి కాలు వెళ్ళింది. "అమ్మా, ఆయనేటో అంటన్నారు. ఆపమంటావా?"

ముందు మలుపు. మలుపు అవతల లోయ. లోయ పైన నల్లటి మబ్బు. నేను సీటుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

"ఒరే దేముడూ," అన్నాను, "నీకు దండం పెడతాను, ఆపకు! స్పీడు ఇంకాస్త గట్టిగా తొక్కరా!"